ఒట్టు తరువాతి ప్రశ్న

దేవే తన బతుకులో ఒట్టు పెట్టింది రెండుసార్లు: ఒకసారి ఇప్పచెట్టు కింద, ఒకసారి జిల్లా కోర్టులో. రెండోసారి జరిగింది అర్థం కావాలంటే మొదటిదాని సంగతి ముందు తెలియాలి. కోర్టులో ఆ పూట కూర్చున్నవారిలో ఎవరికీ అది తెలియదు.

ఉసూర్ నుంచి తర్రెం వైపు అడవిలోకి పోయే దారిలో, తారు ఇంకా చేరని ఒక దోర్ల ఆదివాసీల పల్లెకు ఆమె కొత్త కోడలిగా వచ్చిన ఏడాది అది. ఇప్పపూలు రాలే కాలం. పొలానికి గట్టు ఉన్నట్టే ఆ ఊళ్లో ప్రతి ఇప్పచెట్టుకూ ఒక ఇల్లు ఉంటుంది. చెట్టు కింద ఎండుటాకులు కాల్చి నేల శుభ్రం చేసుకున్న ఇంటివాళ్లే తెల్లవారకముందు వచ్చి పూలు ఏరుకోవాలి. తన చెట్టు కింది పూలు దేవే ఎత్తుకుపోయిందని సన్న అనే పొరుగువాడు గొడవకు దిగాడు.

ఊరు కూర్చుంది. మూడు సాయంత్రాలు మాట్లాడారు. సన్న మాట్లాడాడు, సన్న పెళ్లాం మాట్లాడింది, దేవే మాట్లాడింది, దేవే అత్త మాట్లాడింది. సన్న తాత ఎప్పుడో దేవే మామ కుక్కను రాయితో కొట్టిన సంగతి కూడా తవ్వి బయటపెట్టారు. అడగదలచినవాళ్లంతా అడిగారు. ఆమె గొంతు పోయేదాకా జవాబు చెప్పింది. మాటలన్నీ అయిపోయి తగవు మాత్రం అలాగే మిగిలినప్పుడు, అప్పుడే పెద్దరికం చేతికి వచ్చిన మాడ అనే మనిషి ఒట్టు పెట్టమన్నాడు.

దేవే ఆ చెట్టు మొదట్లో మట్టి గుప్పెడు తీసి నెత్తిన పెట్టుకుంది. "ఈ పూలు నేను ఎత్తి ఉంటే, వచ్చే విజ్జ పండుం లోపల ఈ భూమి నన్ను పట్టుకోని" అంది. విజ్జ పండుం తొలకరికి ముందు చేసే విత్తనాల పండుగ. ఆ ఊళ్లో ఒట్టుకు అదే గడువు.

అంతటితో నోళ్లన్నీ మూతబడ్డాయి. అక్కడ ఒట్టు మాటలకు ఆఖరు. పెట్టినవాళ్లను ఆ విషయం మీద మళ్లీ అడగకూడదు. అడిగితే భూమి మీద నమ్మకం లేదన్నట్టు లెక్క, అడిగినవాళ్లకు తప్పు, అంటే జరిమానా, వేస్తారు. పెట్టినవాళ్లు జవాబు చెప్పకూడదు. చెబితే ఒట్టు తీసి గట్టున పెట్టినట్టే. ఆ తరువాత తీర్పు చెప్పవలసింది భూమి. గడువు లోపల పాము కరిచినా, రోగం పట్టినా, ఇంట్లో కీడు జరిగినా ఒట్టు అబద్ధం. ఏమీ జరగకపోతే నిజం.

అప్పటికి దేవే కడుపుతో ఉంది. బిడ్డనూ ఒట్టునూ కలిపి మోయడం ఎలా ఉంటుందో ఆమె ఎవరితోనూ చెప్పుకోలేదు. అడవికి పోతే అడుగు చూసుకుని వేసింది, వాగు దాటవలసి వస్తే వెనక్కి తిరిగింది. గడువులోనే లక్ష్మణ్ పుట్టాడు, ఏడ్చాడు, నిలిచాడు. పండుగనాడు సన్నే సొరబుర్రలో సారా తెచ్చి ఆమె మామ ముందు పెట్టాడు. తరువాత ఇన్నేళ్లలో ఆ పూల మాట ఎత్తినవాళ్లు లేరు. తాగి తిట్టిన నాడు మొగుడు కూడా ఎత్తలేదు.

ఆమెకన్నా ముందు ఆ ఊళ్లో ఒకామె ఒట్టు పెట్టి, నెల తిరక్కముందే జ్వరంతో పోయింది. అబద్ధం చెప్పింది కాబట్టే పోయిందని ఊరు అనేది. దేవే కూడా అలాగే అనేది.

లక్ష్మణ్‌ను పట్టుకున్నది ఉసూర్ సంతలో. చింతపండు అమ్మి, ఉప్పు కొని, తోటివాళ్ల కోసం చూస్తూ నిలబడి ఉన్నాడు. అంతకు ముందు వారం ఒక సాయంత్రం రోడ్డు పని దగ్గర కాంట్రాక్టరు తెచ్చిన కాంక్రీటు మిక్సర్‌ను ఎవరో తగలబెట్టారు. తగలబెట్టినవాళ్లలో లక్ష్మణ్‌ను తన కళ్లతో చూశానని ఒక పోలీసు వాంగ్మూలం ఇచ్చాడు. ఆ సాయంత్రం లక్ష్మణ్ జ్వరంతో మంచం మీద వణుకుతున్నాడు. ఆ సంగతి తెలిసిన మనిషి దేవే ఒక్కతే. మొగుడు పోయి అప్పటికి చాలా కాలమైంది. మిగతా ఊరు ఆ వేళ వాగు అవతల పెళ్లికి పోయి ఉంది.

రెండేళ్లకు పైగా అతడు విచారణ ఖైదీగా ఉన్నాడు. ప్రతి పేషీకి దేవే ట్రాక్టరు మీద కొంత దూరం, బస్సులో కొంత దూరం పోయి, కోర్టు ఆవరణలో వ్యాను దిగే కొడుకును చూసి, మరో తారీఖు విని తిరిగి వచ్చేది. తోడికోడలు ముయె వెంట వచ్చేది. తునికాకు కోతల రోజుల్లో కూడా ఇద్దరూ పేషీ తప్పలేదు.

వకీలు సత్యమూర్తి తెలుగువాడు. తండ్రి శ్రీకాకుళం నుంచి వచ్చి కిరండూల్ గనిలో పనిచేసి రిటైరయ్యాడు. కొడుకు కంపెనీ క్వార్టర్లలో పుట్టి, హిందీలో లా చదివి, ఇక్కడే ప్రాక్టీసు పెట్టాడు. తన తెలుగు దేవేకు అర్థమవుతుందని అతనికి గట్టి నమ్మకం. మాటల వరకు ఆ నమ్మకం నిజమే. దేవే సాక్ష్యం చెప్పవలసిన ఉదయం, కోర్టు గోడ పక్కనున్న టీ బండి దగ్గర ఆమెను కూర్చోబెట్టి వివరంగానే చెప్పాడు.

"చూడు దేవమ్మా, మన తరఫు సాక్షివి నువ్వొక్కదానివే. బోనులో నిలబడ్డాక భయపడకూడదు. ఆ సాయంత్రం నీ కొడుకు ఎక్కడున్నాడో నీకు తెలిసింది తెలిసినట్టు చెప్పడమే."

"ఇంట్లనే ఉండె సారూ. జరం. మంచం దిగలె."

"అదే, అదే చెప్పు."

"ఎరికైందే గదా చెప్పేది. దానికి నేర్పుడేంది?"

"ఆ సర్కారు వకీలు అటు తిప్పీ ఇటు తిప్పీ అడుగుతాడమ్మా. అడిగినవాటన్నిటికీ జవాబు చెప్పాలి."

"అడగనీ. మా ఊళ్ల నన్ను మూడు దినాలు అడిగిన్రు. సన్న పెండ్లాం నోటి ముందర ఈ వకీలెంత?"

ముయె టీ గ్లాసు దించి నవ్వింది. "అక్కా, సన్న పెండ్లానికే ఒక నల్లకోటు తొడిగి తీసుకొస్తే అయిపోతుండె గదా. ఈ సారుకిచ్చే ఖర్చన్న తప్పుతుండె."

సత్యమూర్తి కూడా నవ్వాడు. సాక్షి ధైర్యంగా ఉందని తృప్తిపడ్డాడు. బోనులో ముందు ప్రమాణం చేయిస్తారన్న సంగతి మాత్రం అతడు చెప్పలేదు. దాచాలన్న ఉద్దేశం లేదు. అతని దృష్టిలో అది చెప్పవలసినంత సంగతే కాదు.

మధ్యాహ్నం పిలుపు వచ్చింది. ఆమె మాటలను హిందీలోకి చెప్పడానికి గంగా అనే కోర్టు ప్యూనును నిలబెట్టారు. దోర్నపాల్ వాడు, నాలుగు భాషలు వచ్చినవాడు. బోను ఎక్కగానే అతడు రోజూ చెప్పే మాటను ఒక్క గుక్కలో చెప్పేశాడు.

"దేవుడి మీద ఒట్టేసి చెప్తున్న, నిజమే చెప్తా, అబద్ధం చెప్ప. అను."

దేవే అతని ముఖం చూసింది. "ఇప్పుడేనా?"

"ఇప్పుడే. అను."

"ఎవ్వలూ ఏమీ అడగలె గదా."

"తర్వాత అడుగుతరు. ముందు ఒట్టు."

మాటలేవీ జరగకుండానే నేరుగా ఒట్టుకే వచ్చారంటే, సంగతి అంత దూరం పోయిందని అనుకుంది. రెండేళ్లుగా తను లేనప్పుడు వీళ్లు మాట్లాడవలసిందంతా మాట్లాడుకుని ఉంటారు. ఇక మిగిలింది తన నెత్తి మీది మట్టే. నిందితుల చోటులో నిలబడి ఉన్న కొడుకు వైపు చూసింది. మళ్లీ ఒకసారి వాడినీ ఒట్టునూ కలిపి మోయాలి.

మట్టి కోసం వంగింది. కింద నున్నటి టైల్స్ బండలు, పొద్దున్నే తడిగుడ్డ పెట్టి తుడిచినవి. ఆమె ఒక క్షణం ఆలోచించి, అరికాలు పైకెత్తి, పగిలిన మడమ సందుల్లో ఇరుక్కున్న ఊరి మట్టిని గోటితో గీకి తీసి నెత్తిన పెట్టుకుంది. వెనక బల్ల మీద ఎవరో నవ్వారు. దేవే వినిపించుకోలేదు. ఆమె గొంతు స్థిరంగా ఉంది.

"ఆ పూట నా కొడుకు నా ఇంట్లనే ఉండె. జరంతోని ఉండె. ఇది అబద్ధమైతే వచ్చే విజ్జ పండుం లోపల ఈ భూమి నన్నూ, నా ఇంటినీ పట్టుకోని."

కోర్టుకు కావలసిన సాక్ష్యం అదే. మొత్తం అదే. కానీ గంగా దాన్ని ప్రమాణంలో భాగమనుకున్నాడు. న్యాయమూర్తి వైపు తిరిగి, "శపథ్ చేసింది సాబ్" అని మూడు మాటల్లో తేల్చాడు. టైపిస్టు అదే కొట్టాడు.

అంతవరకు ఫైలులో తన ప్రశ్నలు సరిచూసుకుంటూ ఆమె మాట వినిపించుకోని సత్యమూర్తి లేచాడు. "దేవమ్మా, ఆ రోజు సాయంత్రం నీ కొడుకు లక్ష్మణ్ ఎక్కడున్నాడు?"

ఆమె బిత్తరపోయింది. నెత్తిన మట్టి ఇంకా అలాగే ఉంది. సర్కారు వకీలు అడిగితే ఒక దారి, తమవాడే లేచి మొదట అడుగుతున్నాడు. నోరు విప్పితే పెట్టిన ఒట్టు చెడుతుంది, చెడితే కొడుకు పోతాడు. ఆమె పెదవులు బిగించింది. అతడు మళ్లీ అడిగాడు, మాట మార్చి ఇంకోసారి అడిగాడు. చివరికి విసుగ్గా కూర్చున్నాడు.

సర్కారు వకీలు తొందరపడలేదు. ఆ రాత్రి ఇంట్లో ఏం వండావు? జ్వరమైతే ఏ మందు ఇచ్చావు? అది ఆ తారీఖే అని నీకెలా తెలుసు? ఇంకెవరైనా చూశారా? తల్లివి కాబట్టి కొడుకును కాపాడుకోవడానికి వచ్చావు, అవునా కాదా? ప్రతి ప్రశ్ననూ గంగా తెలుగులో చెప్పాడు. దేవే కళ్లు దించుకుని నిలబడింది. ఒక్కో ప్రశ్నా చెంపదెబ్బలా తగులుతున్నా భరించింది. తను భరించినకొద్దీ కొడుకు ఒడ్డుకు చేరుతున్నాడని ఆమె లెక్క.

న్యాయమూర్తి కఠినుడు కాడు. పెన్ను కింద పెట్టి, "అమ్మకు భయపడవద్దని చెప్పు. నీళ్లు ఇవ్వండి" అన్నాడు. ఆమె నీళ్లు తాగింది, మాట్లాడలేదు.

గంగా తటపటాయించాడు. "సాబ్, వీళ్లల్లో ఒట్టు పెట్టినంక మాట్లాడరు."

"ఆ మాట సాక్షి చెప్పిందా?"

"లేదు సాబ్."

"సాక్షి చెప్పింది మాత్రమే నువ్వు చెప్పాలి. ప్రమాణం చేయించేదే మాట్లాడటం కోసం. మాట్లాడకపోతే ప్రమాణం దేనికి?"

ఆ చివరి మాటను గంగా తెలుగులోకి మార్చలేదు. అది తనతో అన్నదనుకున్నాడు.

వరండాలో మాడ, ముయె ఎదురుచూస్తున్నారు. ఊరి తరఫున పెద్దగా మాడ వచ్చాడు. ఇప్పుడు అతని జుట్టంతా తెల్లబడింది. దేవే నెత్తి మీది మట్టిని చూడగానే అతనికి సగం అర్థమైంది.

"ఒట్టు పెట్టినవా?"

"పెట్టిన. పెట్టినంక అడిగిన్రు మామా. మన సారు కూడా అడిగిండు."

"నువ్వేమన్నవ్?"

"ఏమీ అనలె."

మాడ తల ఊపాడు. "మంచిగ చేసినవ్. ఒట్టు మీద అడుగుడేంది, చదువుకున్నోళ్లు కాదా వీళ్లు?"

అప్పుడే బయటికి వచ్చిన సత్యమూర్తి ఫైలు చంకలో పెట్టుకుని ఆగాడు. "ఏంటమ్మా ఇది? పొద్దున్న అంత గడగడా చెప్పావు కదా. లోపల నోరు పడిపోయిందేంటి నీకు?"

"నా ఒట్టు మీద నీకు నమ్మకం లేదా సారూ?"

"ఒట్టేంటమ్మా, మధ్యలో ఒట్టు?" అని అతడు ఇంకా ఏదో అనబోయాడు. పక్క హాల్లో ఇంకో కేసుకు పిలుపు వచ్చింది, వెళ్లిపోయాడు.

ఊళ్లో మాత్రం ఆ వారమంతా నిబ్బరంగా ఉన్నారు. నేల ఒట్టు పెట్టి, అడిగినా పలక్కుండా నిలబడి వచ్చిందంటే ఇక కేసులో మిగిలిందేముంది అన్నారు. ముయె మరిది చేత లక్ష్మణ్ వస్తాడని దేవే ఇంటికి కొత్త గడ్డి కప్పించింది.

తీర్పు ఎండాకాలం మొదట్లో వచ్చింది. ఏడేళ్ల జైలు. సత్యమూర్తి తెలుగులో విడమరిచి చెప్పాడు. పోలీసు ప్రమాణం చేసి, అడిగినదానికల్లా జవాబు ఇచ్చాడు. కన్నతల్లి ప్రమాణం చేసి, కొడుకు కోసం ఒక్క ముక్క కూడా చెప్పలేకపోయింది. చెప్పడానికి నిజం లేదు కాబట్టే చెప్పలేకపోయిందని కోర్టు అనుకుంది. "హైకోర్టుకు పోదాం. కానీ అక్కడ నిన్ను మళ్లీ పిలవరు దేవమ్మా. ఇక్కడ నువ్వు ఏం చెప్పావో అదే చూస్తారు" అని అతడు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

జైలు ములాకాత్‌లో తల్లీకొడుకుల మధ్య రెండు వరుసల ఇనుప జాలీ ఉంది. పక్కన ఇంకా చాలామంది అరుచుకుంటున్నారు. లక్ష్మణ్ చిక్కిపోయాడు. లోపల హిందీ నేర్చాడు, సెక్షన్ల నంబర్లు నేర్చాడు.

"అవ్వా, ఎందుకు మాట్లాడలె నువ్వు? జరముండె అని అంటే అయిపోతుండె."

"అన్న బిడ్డా. ఒట్టులనే అన్న."

"అది ఒట్టు కాదే. ఈడ అందరూ పెడ్తరు. దొంగోడు పెడ్తడు, పోలీసోడు పెడ్తడు. పెట్టినంకనే మాట మొదలు."

"ఆ పోలీసోడు కూడా పెట్టిండా? దేవుడి మీద?"

"పెట్టిండు. పెట్టి, నన్ను చూసిన అన్నడు."

దేవే జాలీ పట్టుకుంది. "మరి వానికేం కాలేదా?"

"అయింది. ప్రమోషన్ అయింది."

పక్క జాలీ దగ్గర నిలబడినవాడెవడో అది విని నవ్వాడు. లక్ష్మణ్ కూడా నవ్వబోయి, తల్లి ముఖం చూసి మానుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో దేవే చాలాసేపు అరచేతులు చూసుకుంటూ కూర్చుంది. కొడుకు చెప్పింది ఆమెకు అర్థమైంది. అక్కడ ఒట్టు తరువాతే మాటలు. మాట్లాడవలసిన చోట తను ఊరుకుంది.

ఆ ఎండాకాలం చివర విజ్జ పండుం వచ్చింది. ప్రతి ఇంటినుంచీ మోదుగాకు దొప్పలో విత్తనాలు తెస్తారు. పూజారి అందరివీ ఒకే గంపలో పోసి కలిపి, భూమికి చూపించి, తిరిగి గుప్పెడు గుప్పెడు పంచుతాడు. ఆ గుప్పెడు చల్లిన పొలంలోకే ఊరివాళ్లు నాగలితో సాయం వస్తారు. కలవని విత్తనం వేసిన పొలం మొహం ఎవరూ చూడరు. దేవే తన దొప్ప ముందుకు చాపింది. మాడ చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీది వద్దు దేవే."

"ఏంది మామా?"

"గడువు ఇయ్యాల్టితోని అయిపోయింది. నిన్నూ నీ ఇంటినీ పట్టుకోమని నువ్వే అంటివి. పట్టుకున్నది గదా. కొడుకు పోయిండు."

దేవే దొప్ప వెనక్కి తీసుకోలేదు. "జైలేసింది కోర్టు. భూమి కాదు."

"పామైనా, పులైనా, కోర్టైనా, భూమి ఏ చేత్తోని పడ్తదో మనకేం ఎరుక."

"మంచిగ చేసినవ్ అని నువ్వే అంటివి మామా. పలకకుండ ఉన్నందుకే వాళ్లు శిక్ష వేసిన్రు. పలకకుండ ఉండుమన్నది మీరు."

మాడ ముఖంలో కోపం లేదు. ఉన్నది విచారమే. అన్నం పెట్టేవాడిలా మెల్లగా మాట్లాడాడు. "పలకకుండ ఉండుడు మంచిదే. అబద్ధపు ఒట్టు మంచిది కాదు. రెండూ వేరు."

గుంపులో ఎవరూ ఆమె వైపు చూడటం లేదు. సన్న తన దొప్పలోని కొర్రలను వేలితో కెలుకుతున్నాడు. చదువుకున్నవాళ్ల కోర్టూ, చదువు రాని ఈ ఊరూ ఒకరి భాష ఒకరికి తెలియకుండానే తన గురించి ఒకే మాట అన్నాయని దేవేకు అప్పుడు తట్టింది. దొప్ప కింద పెట్టి నిటారుగా నిలబడింది.

"అయితే నన్ను అడుగున్రి. కోర్టుల వాళ్లు అడిగినట్టు అడుగున్రి. నేను చెప్తా."

పూజారి గంప ముందుకు లాక్కున్నాడు.

"ఏం వండిన అని అడుగున్రి. ఏ మందు ఇచ్చిన అని అడుగున్రి. ఎట్ల ఎరుక అని అడుగున్రి. ఒట్టు పోతే పోనీ. ఒక్కలన్న అడుగున్రి."

"పెట్టిన ఒట్టు మీద అడగరాదు. నీకు ఎరికైందే గదా" అన్నాడు మాడ.

డోలు కొట్టేవాడు కర్ర పైకెత్తి మాడ ముఖం వైపు చూస్తున్నాడు. ఆడవాళ్లలోంచి ముయె గొంతు వినిపించింది, చాలా చిన్నగా. "ఏం వండినవ్ అక్కా?"

"నోరు మూయ్" అన్నాడు మాడ. డోలు మోగింది.

దేవే ఆ డోలు చప్పుడు మీదనే చెప్పడం మొదలుపెట్టింది. ఏమీ వండలేదని, వాడు మంచం కోడు పట్టుకుని వణుకుతుంటే పొయ్యి దగ్గరికి పోలేకపోయానని, నేలవేము కాచి పోస్తే కక్కాడని, మీరంతా వాగు అవతల పెళ్లికి పోయిన రోజే కాబట్టి ఆ రోజని తెలుసని, చీకటి పడ్డాక పెళ్లి డోలు వినిపిస్తుంటే అది ఆపమని వాడు ఏడ్చాడని. ఒక్కొక్కటే చెప్పింది, వరుస తప్పకుండా. సర్కారు వకీలు అడిగిన ఏ ఒక్కదాన్నీ వదల్లేదు. ఆమె చెబుతుండగానే పూజారి గంప కలిపాడు. జనం తమ తమ గుప్పెళ్లు పట్టుకుని ఒక్కొక్కరే ఆమె పక్కనుంచి సాగిపోయారు.

ఒట్టు మీద ప్రశ్న అడిగినందుకు ఆ సాయంత్రం ముయెకు ఊరు తప్పు వేసింది: ఒక కోడి. ముయె వద్దంటున్నా వినకుండా దేవే తన పెట్టను పట్టి, కాళ్లు కట్టి, మాడ ఇంటి ముందు పెట్టి వచ్చింది. రాత్రి దాన్ని వండి ఇంటింటికీ పంచారు. ఆమె ఇంటికి పంపలేదు.